విన్న నీళ్లు

కదిరిలో నందిని వాళ్ల వీధికి ఎనిమిది రోజులకొకసారి కొళాయి వస్తుంది. వచ్చిన పూట ఇంటింటా బానలూ బిందెలూ నింపి పెట్టుకుంటారు. నిలవున్న నీళ్లు పక్కన ఏ చప్పుడైతే ఆ చప్పుడు వింటూ కూర్చుంటాయి కదా, యాడ పెట్టాలో చూసి పెట్టుకోవాలి. పక్కింటి ఎర్రన్న పెండ్లాం బిందెను టీవీ పక్కన పెట్టింది. సీరియల్ విన్న ఆ నీళ్లు తాగి ఇంటిల్లిపాదీ వారం రోజులు ఏడ్చినారు.

నందిని ఇంట్లో బాన మేడ మీద, ఆమె డ్రమ్స్ పక్కనే ఉంటుంది. నందిని డ్రమ్స్, సారా గిటారు, లావణ్య పాట. బ్యాండు పేరు ఎండుబోరు. ఆడపిల్లలకు ఇదేం పేరు, ఇవేం అరుపులు అనని మనిషి ఊళ్లో లేడు. అననీ, వాళ్ల నోళ్లు వాళ్లిష్టం.

కానీ నాలుగు రోజుల కింద లావణ్యను వాళ్లత్త సుశీలమ్మ మాన్పించేసింది. అంగడోళ్ల కోడలు మైకు పట్టుకుని కేకలేస్తే పరువేం కావాలని. ఆదివారం అనంతపురంలో ఎండుబోరుకు మొదటి పెద్ద స్టేజి. సంగతి తెలిసి ప్రోగ్రాం పెట్టినాయన ఫోన్ చేసినాడు.

"పాడేదానికి ఒక మగపిల్లోన్ని పెట్టుకోండమ్మా. లేదంటే మీ పేరు తీసేస్తా."

"మగపిల్లోడొస్తే అది మా బ్యాండెట్లయితాది? తీసేసుకో" అని నందిని ఫోన్ పెట్టేసింది. పెట్టేసినాక ఏడుపొచ్చింది. మూడేండ్ల కష్టం మరి.

ఆ మధ్యాహ్నమే సుశీలమ్మ వచ్చింది. కొడుకు భరత్‌కుమార్‌ను కింద బండి దగ్గర నిలబెట్టి, రొప్పుతూ నందిని, సారా ఉన్న మేడెక్కింది.

"నా కోడలికి ఇంక ఫోన్లు చేయొద్దండి. మీకు సిగ్గు లేకపోయినా మాకుండాది."

"ఆమెకు గొంతుండాది పెద్దమ్మా" అంది నందిని. "దాన్ని మీ ఇంట్లో యాడ దాచిపెట్టుకోవల్ల?"

సుశీలమ్మ కొంగుతో విసురుకుంది. ఎండకు ముఖం కందిపోయింది. "ఒక చెంబు నీళ్లియ్యి" అంది.

సారా చెంబు ముంచబోతే ఆమె చెయ్యి నందిని పట్టుకుంది. చెప్పకుండా ఇస్తే మోసం. మోసం చేసి గెలిస్తే ఆ గెలుపు తనకొద్దు.

"ఇవి మా పాట విన్న నీళ్లు పెద్దమ్మా. పాటంతా ఒకసారి పాడేదాకా గొంతును వదలవు. కింద నుంచి వేరేవి తెస్తా, ఉండు."

"నా కోడలు పాడిందేనా?"

"ఆమెదే."

సుశీలమ్మ బాన దగ్గరికి జరిగింది.

"నేను కాపురానికొచ్చి ముప్పై రెండేండ్లు. మా అత్త ముందర దగ్గాలన్నా భయపడినా. ఆ నీళ్లే ఇయ్యి."

గడగడా తాగేసింది. కొంగుతో మూతి తుడుచుకునే లోపలే పాట వచ్చేసింది.

"మెల్లగా నవ్వమంటే నవ్వను, మెల్లగా నడ్సమంటే నడ్సను, మెల్లగా బతకమంటే ఎట్ల బతికేది?"

బండరాయి మీద పార గీసినట్టుంది ఆ గొంతు. నందిని కర్రలు అందుకుంది, సారా గిటారు తగిలించుకుంది. వీధంతా మేడలెక్కింది. కింద నుంచి భరత్‌కుమార్ "అమ్మా, దిగు" అని అరుస్తానే ఉన్నాడు.

పాట అయిపోయింది. నీళ్ల పట్టు వదిలిపోయింది. సుశీలమ్మ గోడ మీద చేతులానించి, ఊపిరి తీసుకుని, మళ్లీ మొదటి నుంచి ఎత్తుకుంది. ఈసారి పాడించింది నీళ్లు కాదు. అది మేడల మీదున్న అందరికీ తెలుసు.

రెండో చరణం దగ్గర ఆపి కొడుకు వైపు వంగింది.

"భరతా, పోయి లావణ్యను పిల్చుకోని రా. ఈడ నాకు రాగం సరిగ్గా కుదరల్యా, ఆ పిల్లే నేర్పియ్యల్ల."