తోట గుత్తకిచ్చినా చెట్టు మనదే

ప్రిన్సిపాల్ గది చల్లగా ఉంది. కంపెనీ మనిషి గోడ మీద రంగురంగుల బొమ్మలు చూపిస్తున్నాడు. ఆన్‌లైన్ పాఠాల సాఫ్ట్‌వేర్ అది. హోసూరులోని ఆ కాలేజీ పెద్దలు టీ తాగుతూ తలలు ఊపుతున్నారు. చదువరులారా, ఈ తల ఊపడం మనకు కొత్తా? వాడేవాళ్ళు ఒకరు, ఎంపిక చేసేవాళ్ళు ఇంకొకరు. ఆ గదిలో విద్యార్థి అన్నవాళ్ళు ఒక్కరూ లేరు.

కామర్స్ లెక్చరర్ శోభన కుర్చీలో కూర్చుందన్న మాటే గాని, ఆమె మనసు కాలు కాలిన పిల్లిలా తిరుగుతోంది. ఆమె ఫోనులో సెల్వి అనే విద్యార్థిని పంపిన మెసేజి ఉంది. పొద్దుటి నుంచి దాన్ని ఎన్నిసార్లు చదివిందో ఆమెకే తెలియదు.

"మేడమ్, ఈ తూరి కూడా పాఠాలు మూసేస్తారా? అమ్మ ఫ్యాక్టరీ ఫారం తెచ్చింది. సోమవారం చేరాలంటాంది."

సెల్వి హోసూరు పక్కన తళి అనే ఊరి పిల్ల. పొద్దున్నే గులాబీల షెడ్డులో పూలు కోసి, బస్సెక్కి కాలేజీకి వస్తుంది. కోత ఎక్కువున్న రోజు క్లాసు తప్పుతుంది. ఆ పాఠం ఫోనులో చదువుకుంటుంది. పోయిన ఏడు వేరే కంపెనీ సాఫ్ట్‌వేర్ ఉండేది. సరిగ్గా పరీక్షలకు పది రోజుల ముందు దాని గడువు ముగిసింది. కొత్త ఒప్పందం దగ్గర రెండు పక్షాలూ బిగుసుకున్నాయి, పాఠాలు మూతపడ్డాయి. శోభన మూడేళ్ళు గొంతు అరగదీసుకుని తయారుచేసినవన్నీ ఆ కంపెనీ దగ్గరే ఉండిపోయాయి. సెల్వి ఒక పేపరు తప్పింది. ఈ ఏడు మళ్ళీ కొత్త కంపెనీ అని వినగానే, "చదివింది చాల్లే, మూకండపల్లి ఫ్యాక్టరీలో పని చూసినాను" అని తల్లి పుట్టమ్మ తేల్చేసింది. ఆ తల్లిని తప్పుపట్టే నోరు మనకెక్కడిది?

శోభన ఇక ఉండబట్టలేక లేచింది.

"మీతో ఒప్పందం అయిపోతే మా పాఠాలు మాకు ఇస్తారా?"

కంపెనీ మనిషి నవ్వాడు. "అవి మా పద్ధతిలో ఉంటాయి మేడమ్, బయటికి తీయడం కుదరదు. అయినా మీరెందుకు వదులుకుంటారు?"

శోభన కాలేజీ కరస్పాండెంట్ తిమ్మరాజు వైపు తిరిగింది. "సార్, ఇట్లాంటివే ఓపెన్ సోర్స్‌లో ఉండాయి. ఎవరైనా తీసుకోవచ్చు, కావాల్సినట్టు మార్చుకోవచ్చు. మన కంప్యూటర్లోనే పెట్టుకుంటే పాఠాలు మన దగ్గరే ఉంటాయి. పిల్లలు ఈడ ఫోనులోకి దించుకుంటే సిగ్నల్ లేని బస్సులో కూడా చదువుకుంటారు."

తిమ్మరాజు కృష్ణగిరి మామిడి వ్యాపారి. తొందరపడే మనిషి కాదు. "ఊరికే వచ్చేది యాడ నిలుస్తాదమ్మా? చెడిపోతే ఎవురిని అడిగేది?"

ఆ ప్రశ్నలో న్యాయం ఉంది. శోభన భయమూ అదే. అప్పటికే ఆయన ఒప్పందం మీద సంతకానికి పెన్ను చేతిలోకి తీసుకున్నాడు. ఆమెకు కోపం వచ్చింది, దాని వెనకే ఏడుపూ వచ్చింది.

"సార్, ఏటా మీ తోట గుత్తకిస్తారు కదా. గుత్త అయిపోయినాక వాళ్ళు చెట్లు పెరుక్కుని పోతారా?"

"యాడన్నా ఉండాదా? కాయలు వాళ్ళవి. చెట్టు నాదే కదా."

"పోయిన ఏడు మన చెట్లు పెరుక్కుని పోయినారు సార్. ఇప్పుడు ఇంకొకరికి అదే కాగితం రాసిస్తా ఉండాము." సెల్వి మెసేజి తీసి ఆయన ముందు పెట్టింది.

ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని చదివాడు. పెన్నుకు మూత పెట్టి, వెనక ప్రొజెక్టర్ చూసుకుంటున్న ల్యాబ్ అసిస్టెంటును పిలిచాడు.

"గుర్రప్పా, మేడమ్ చెప్పినదాన్ని చూసుకునే పని నేర్చుకుంటావా?"

"నేర్చుకుంటాను సార్. ఒక్కనితో కాదు, ఇంకొకరు తోడుండాల."

"పెడదాములే." కంపెనీ మనిషితో, "ఇంక పోయిరాప్పా" అన్నాడు.

శోభన సెల్వికి రాసింది: 'సోమవారం క్లాసుకే రా. పాఠాలు మూతపడవు.' జవాబు వెంటనే వచ్చింది: 'అమ్మ నమ్మదు మేడమ్.'

ఆమె మొహం వాడిపోవడం చూసి తిమ్మరాజు ఫోను అడిగి చదివాడు.

"నమ్మమంటే ఎట్లా నమ్ముతాదమ్మా, ఒగతూరి మోసపోయినాది. ఇద్దరమూ తళికి పోయి చెప్తాము. ఊరికే వస్తాదని కాదు, మన చేతిలో ఉంటాదని తీసుకున్నామని చెప్తాము. చెట్టు మనదైతే నీళ్ళు కూడా మనమే పోయాలమ్మా."