ఆదివారం గడి

కూర్చోవడం నాకు చేతకాని పని. “నీ కాళ్ళకి చక్రాలున్నాయే” అని మా ఆయన బతికున్నన్నాళ్ళూ అంటూనే ఉండేవాడు. అలాంటిదాన్ని నలభై తొమ్మిదేళ్ళు వచ్చాక, డ్యూటీ దిగి ఇంటికొచ్చి, భోజనాలబల్ల మీద లాప్‌టాప్ పెట్టుకుని మూడు వారాలు కూర్చున్నానంటే సరదా పుట్టి కాదు. మడతల పిన్ని ఉద్యోగం కోసం.

నేను ఆసుపత్రి లాండ్రీలో హెడ్‌ని. దుప్పట్లు, దిండు గలీబులు, ఆపరేషన్ గదుల గౌన్లు అన్నీ మా దగ్గరికే వస్తాయి. నా కింద పన్నెండుమంది. అందరికీ నేను హెడ్డక్కని. ఎవరు ఏ రోజు ఏ పూట రావాలో చార్టు రాసేది నేనే. పంతొమ్మిదేళ్ళుగా స్కేలు పెట్టి గీతలు గీసి, గడుల్లో పేర్లు నింపుతున్నాను. ఒక్క గడి ఖాళీ ఉంచానని ఎవరూ అనలేదు, ఆ పొగరు నాకు కొంచెం ఉండేది.

కొత్త మేనేజరు వచ్చిన నెలకే నన్ను గదిలోకి పిలిచాడు. “బయటి కంపెనీవాళ్ళ ప్రోగ్రాంకి మీ రిజిస్టర్లన్నీ ఇచ్చి చూశామమ్మా. పదకొండుమంది చాలంటోంది.”

“ఎవరిని తీసేస్తారు సార్?”

“పొద్దుటి పూట తప్ప చెయ్యనని కూర్చున్నవాళ్ళుంటారు కదా. వాళ్ళతో మొదలుపెడదాం.”

అలా ఉన్నది పిన్ని ఒక్కతే. దుప్పట్లు మడతపెట్టడం ఆవిడ పని. కూతురు నడవలేదు. ఆ పిల్లని పగలు చూసుకునే కేంద్రం మధ్యాహ్నం మూడింటికి మూసేస్తారు, ఆ లోపల పిన్ని అక్కడ ఉండాలి. ఆదివారాలు మాత్రం పిన్ని అక్క వచ్చి పిల్లని చూసుకుంటుంది. ఈ ఉద్యోగం పోతే ఇంకెవరూ ఆవిడ గంటలకి తగ్గట్టు ఉద్యోగం ఇవ్వరు. ఇదంతా చెబితే మేనేజరు పెన్ను మూత తీసి పెట్టి, తీసి పెట్టి విన్నాడు.

“ఆ ప్రోగ్రాం తప్పు సార్” అన్నాను.

“తప్పెక్కడుందో చూపించండి మరి. నెలాఖరు శుక్రవారం వరకు ఆగుతాను.” అన్నది మామూలుగానే అయినా, నువ్వేం చూపిస్తావులే అన్న ధీమా మొహంలో కనిపించింది. నాకు ఒళ్ళు మండిపోయింది. “మా ప్రోగ్రాం మేమే రాసి చూపిస్తాం” అనేశాను. బయటికొచ్చాక గానీ నేనేం అన్నానో నాకు తెలియలేదు. ప్రోగ్రాం అంటే గుండ్రంగా ఉంటుందో పలకలుగా ఉంటుందో కూడా నాకు తెలియదు.

అదృష్టం ఏమిటంటే, మా కోడలు ఒక సంస్థలో పెద్దవాళ్ళకి ఇదే నేర్పుతుంది. దురదృష్టం ఏమిటంటే, ఆమె నా కోడలు. కూరలో ఉప్పెక్కువైందని నేను అన్న రోజులన్నీ గుర్తుపెట్టుకుందేమో, నా రాతలో ఒక్క చుక్క తప్పిపోయినా వదల్లేదు.

“అత్తయ్యా, కంప్యూటర్‌కి సొంత తెలివి ఉండదు. చెప్పింది చెప్పినట్టు చేస్తుంది. అంతే.”

“మా వాడిలాగన్నమాట.”

“మీ అబ్బాయి చెప్పింది కూడా చెయ్యడు అత్తయ్యా.”



మొదటివారం నా తల ప్రాణం తోకకొచ్చింది. పన్నెండుమంది పేర్లు వరసగా రాయమంది, రాశాను. ఈ కంప్యూటర్ భాషలో మొదటి మనిషి నంబరు ఒకటి కాదు, సున్నా అంది. నేను మొదట రాసింది పిన్ని పేరు. “మనిషిని పట్టుకుని సున్నా అంటావేంటి?” అని దెబ్బలాడాను. వరస అలాగే మొదలవుతుందని తను నెత్తీ నోరూ బాదుకుంది. ఇంకో రోజు, పన్నెండుమందినీ ఒక్కొక్కర్నీ పలకరించి ఆగమని రాసి, పని మొదలెట్టించాను. ఎంతసేపటికీ జవాబు రాదు. పాపం కష్టపడుతోంది కదా అని పావుగంట నోరెత్తకుండా చూశాను. కోడలు వచ్చి తెర చూసి, తలుపుకి ఆనుకుని నవ్వింది. ఒక మనిషి అయ్యాక తర్వాతి మనిషి దగ్గరికి వెళ్ళమని నేను చెప్పనే లేదట. అది పిన్ని దగ్గరే తిరుగుతూ ఉండిపోయింది.

కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే మళ్ళీ తెర చూడాలనిపించేది. కాలు కాలిన పిల్లిలా వంటింటికీ బల్లకీ మధ్య తిరుగుతూ కోడ్ చదువుకున్నాను. లాండ్రీలో పెద్ద మిషన్ తిరుగుతుంటే నా నోట్లో అవే మాటలు. ఈ మనిషి ఈ పూట రాగలదా, రాగలిగితే పేరు రాయి, లేకపోతే తర్వాతి మనిషిని చూడు. పంతొమ్మిదేళ్ళుగా నా బుర్రలో జరుగుతున్నది ఇదేనా అనుకుంటే ఒక పక్క నవ్వొచ్చింది, ఒక పక్క గర్వంగా అనిపించింది.

ఒక మధ్యాహ్నం పిన్నితో కలిసి దుప్పటి మడతపెడుతున్నాను. చెరో కొసా పట్టుకుని దగ్గరకొచ్చినప్పుడు మెల్లగా అడిగింది, “అయిందా హెడ్డక్కా నీ చదువు?”

“అవుతుందిలే.”

“కాకపోయినా ఏమనుకోను. నువ్వింత కష్టపడుతున్నావు, అదే చాలు.”

అలా అనకుండా ఉంటే బాగుండేది. తిట్టి ఉంటే ఓర్చుకునేదాన్ని. ఆ రాత్రి సరిగ్గా నిద్రపోలేదు.

శుక్రవారానికి రెండు రోజుల ముందు ప్రోగ్రాం పూర్తయింది. మూడేళ్ళ రిజిస్టర్లు ముందేసుకుని ఎవరు ఎన్ని పూటలు వచ్చారు, ఎన్ని సెలవులు పెట్టారు అన్నీ అంకెలు ఎక్కించాను. మనుషులు ఎంతమంది అన్నచోట పదకొండు అని కొట్టి, పని మొదలెట్టించాను. ఖాళీ గడులు వరసగా కనిపిస్తాయి, మేనేజరు మొహాన పడేస్తాను అనుకుంటూ చూస్తున్నాను.

ఖాళీ ఒక్కటి కూడా లేదు. ప్రతి గడిలోనూ పేరుంది. పదకొండుమంది చాలు.

నా చేతులతో నేను రాసిన ప్రోగ్రాం, పిన్నిని పొమ్మంటోంది. “నీ చదువూ వద్దు, ఈ డబ్బా వద్దు” అని లాప్‌టాప్ మూత ఠప్పున వేసి వంటింట్లోకి పోయాను. కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగాను.

కోడలు వెనకే వచ్చి నిలబడింది. “అత్తయ్యా, కోడ్ నేను చూశాను. తప్పు లేదు. మీరిచ్చిన అంకెల్లోనే ఏదో ఉంది.”

“రిజిస్టర్లో ఉన్నదే ఎక్కించాను.”

“రిజిస్టర్లో మూడేళ్ళలో మొత్తం తొమ్మిది సెలవులున్నాయి. పన్నెండుమందికి! ఎవరికీ జ్వరాలు రావా? పిల్లలు లేరా వాళ్ళకి?”

నేను ఇంకో గిన్నె అందుకున్నాను.

“మొన్న ఆదివారం మీకు సెలవు. అయినా డ్యూటీకి వెళ్ళారు. అంతకుముందు ఆదివారమూ వెళ్ళారు. నేను ఈ ఇంటికొచ్చి రెండేళ్ళయింది, మీరు ఆదివారం ఇంట్లో ఉండగా చూడలేదు. అదంతా ఈ అంకెల్లో ఎక్కడుంది?”

ఎక్కడా లేదు. ఎందుకు లేదో నాకు తెలుసు. ఒకరికి బిడ్డ జబ్బు, ఒకరికి తండ్రి ఆసుపత్రి, ఒకరికి నడుంనొప్పి. సెలవు పెడితే మేనేజర్లు లెక్కలు తీస్తారని, ‘నువ్వు పో, నేను చూసుకుంటా’ అనేదాన్ని. వాళ్ళ పూట నేను నిలబడేదాన్ని. సంతకం మాత్రం వాళ్ళ పేరున నేనే పెట్టేదాన్ని. మంచి చేస్తున్నాననుకున్నాను. గడి ఖాళీగా ఉండకూడదు, అదే నా పట్టుదల. ఇప్పుడు ఆ నిండు గడులనే చూపించి పిన్నిని పంపించేస్తున్నారు.

గిన్నె చేతిలో పట్టుకునే నేల మీద కూలబడి ఏడ్చాను. కోడలు వచ్చి పక్కన కూర్చుంది.

నా సంచీలో ఒక చిన్న డైరీ ఉంటుంది. ఎవరికి ఏ కష్టం, ఏ రోజు ఎవరి బదులు వెళ్ళాను అన్నీ గుర్తుకోసం అందులో గీకుతాను. ఆ డైరీ చూసి అంకెలన్నీ మళ్ళీ ఎక్కించాం. ఈసారి పన్నెండుమందితోనే వారానికి ఐదారు గడులు ఖాళీ. ఆదివారం పొద్దుట గడి అయితే ఒక్క వారం కూడా నిండలేదు.

శుక్రవారం ఆ చార్టునీ రిజిస్టర్లనీ మేనేజరు బల్ల మీద పెట్టాను. ఆయన రెండూ మార్చి మార్చి చూసి, “ఇక్కడ ఖాళీ అంటారు, అక్కడ సంతకం ఉంది. ఎవరిది?” అన్నాడు.

“నాది సార్.”

“ఇది?”

“అదీ నాదే.”

వేలు పెట్టి ఒక్కొక్కటీ చూపించాను. ఆయన ఈసారి పెన్ను ముట్టుకోలేదు. “దొంగ సంతకాలు ఇవి. మెమో ఇవ్వాల్సి వస్తుంది, తెలుసా?”

“ఇవ్వండి సార్. పిన్నిని మాత్రం ఉంచండి.”

ఆయన రిజిస్టరు మూసి అన్నాడు. “ఎల్లుండి ఆదివారం మీరు రాకండి. ఎవరి బదులూ ఎవరూ రాకూడదు, ఎవరికీ ఫోన్ చేసి చెప్పకూడదు. నేనే వచ్చి నిలబడతాను. పని సాగితే పదకొండుమందే. ఆగితే అప్పుడు మాట్లాడదాం. వార్డులకి స్టోరు నుంచి కొత్త దుప్పట్లు ఇప్పిస్తాను, రోగులకి ఇబ్బంది ఉండదు.”

సరేనన్నాను. అంత కష్టమైన పని నా జన్మలో ఒప్పుకోలేదు.

ఆదివారం ఐదింటికే లేచాను. తెలియకుండానే చెప్పులు వేసుకుని తలుపు దాకా వెళ్ళాను. వెనక నుంచి కోడలు, “ఎక్కడికి అత్తయ్యా?” అంది.

“చెత్త పారెయ్యడానికి.”

“చేతిలో చెత్తేదీ?”

వెనక్కొచ్చి కూర్చున్నాను. లేచాను. కిటికీ తుడిచాను, తుడిచిన కిటికీనే మళ్ళీ తుడిచాను. ఏడున్నరకి ఫోన్ మోగింది. పిన్ని.

“హెడ్డక్కా, ఇవాళ ముగ్గురమే వచ్చాం. రెండో మిషన్ దగ్గర ఎవరూ లేరు. బట్టలు గుట్టపడిపోయాయి. మేనేజరు కూడా వచ్చి చూస్తున్నాడు, నాకు భయంగా ఉంది. వస్తున్నావా?”

నీ కోసమే రావట్లేదే అని గొంతు దాకా వచ్చింది. చెప్పకూడదు. “రాను పిన్నీ” అన్నాను.

“సరేలే” అని పెట్టేసింది. ఆ ‘సరేలే’ గుండెలో గుచ్చుకుంది. కోడలు నా చెయ్యి పట్టుకుని వదల్లేదు, పట్టుకోకపోతే పరిగెత్తేదాన్నే.

పదకొండింటికి మేనేజరు ఫోన్ చేశాడు. ఆయన రొప్పుతున్నాడు. “రెండో మిషన్ ఆగిపోయిందమ్మా. నేనూ చెయ్యేశాను, నా వల్ల కాలేదు. ఆ మడతలావిడ ఉద్యోగానికి ఢోకా లేదు, ఆవిడకి నేనే చెప్పాను. ఇంకో మనిషి కావాలని రాసి పంపండి, సంతకం పెడతాను. మెమో మాత్రం తప్పదు.” మళ్ళీ తనే, “ఇప్పుడు రాగలరా?” అన్నాడు.

“రాలేను సార్. ఇవాళ నాకు సెలవు” అన్నాను. నా గొంతేనా అనిపించింది.

ఫోన్ పెట్టేశాక కూడా కాళ్ళు కుదురుగా లేవు. ఏం చెయ్యాలో తెలియక కుర్చీ అంచున కూర్చున్నాను. అప్పుడే మా అబ్బాయి నిద్రలేచి కళ్ళు నులుముకుంటూ గదిలోంచి వచ్చాడు. వాడికి ఇరవై ఎనిమిదేళ్ళు. నన్ను చూసి ఆగిపోయాడు. గబగబా దగ్గరకొచ్చి నా నుదుటి మీద చెయ్యి పెట్టాడు.

“ఏమైందమ్మా? ఒంట్లో బాలేదా? ఇంట్లో ఉన్నావేంటి?”