ఎముకల్లో ఏరు

ఏటా మంచు కరిగే ముందు ఊరివాళ్ళు సాజిదా ముసలమ్మ ఇంటికొచ్చేవారు. ఆవిడ మోకాలి కింద ఎముకకు చెవి ఆనించి, తేచా నది ఎలా పారుతోందో విని, బాతులను ఎప్పుడు వదలాలో తేల్చుకునేవారు. ఎగువనున్న అణుబాంబుల ఫ్యాక్టరీ తన మురికినంతా ఏట్లో కలిపిన రోజుల్లో ఆవిడ ఆ నీళ్ళే తాగి పెరిగింది. ఏటికి ముళ్ళకంచె వేసింది ఆ తర్వాతెప్పుడో.

"వినండర్రా, వినండి. టీలోకి మాత్రం ఎవరి చక్కెర వాళ్ళు తెచ్చుకోండి," అనేది.

తల్లి పోయాక ఏడేళ్ళ మనవరాలు నురియా ఆవిడ దగ్గరే ఉంటోంది. కిందటేడు పిల్ల పాలిపోయింది. ముసలమ్మకు తెలిసిన మందు ఒక్కటే, పాలు. కంచె అవతల గడ్డి ఏపుగా ఉందని తీగ పైకెత్తి మరీ ఆవును తోలింది. పిల్ల వద్దంటున్నా కసిరి పూటకో గ్లాసు తాగించింది.

ఏప్రిల్లో నెత్తురు తీసే వ్యాను వచ్చింది. డాక్టరమ్మ పిల్ల వేలు పొడిచి, లెక్క చూసి, మళ్ళీ పొడిచింది.

"మూలుగలో కొత్త నెత్తురు సరిగా పుట్టడం లేదు పెద్దమ్మా. తెల్ల కణాలు పోయినేటికి సగమే ఉన్నాయి. ఏం పెడుతున్నావు దీనికి?"

"పాలు."

"ఎక్కడ మేసే ఆవువి?"

సాజిదా కంచె వైపు చూసింది. జూన్‌లో మళ్ళీ చూస్తాననీ, ఇలాగే ఉంటే పట్నం ఆసుపత్రిలో చేర్చాల్సిందేననీ డాక్టరమ్మ చెప్పింది. నురియా తల్లి ఆ ఆసుపత్రికి వెళ్ళే తిరిగి రాలేదు.

ఇంటికొచ్చి ముసలమ్మ పిల్ల కాలికి చెవి ఆనించింది. లోపల సన్నగా ఏరు పారుతోంది. గుండె చెరువైపోయింది. నా చేతులారా పోశాను కదే తల్లీ అని ఏడ్చింది. ఆ పాలు ఆ రోజే మాన్పించింది. మధ్యాహ్నం పిల్లను చెక్కబల్ల మీద పడుకోబెట్టి, తను నేల మీద పడుకుని, దాని కాలు కిందికి లాగి తన కాలికి ఆనించుకుంది.

"కిందెందుకవ్వా?"

"నీళ్ళు కిందికే కదా దిగేది. కదలకుండా పడుకో."

రోజూ అంతే. ముసలమ్మ కాళ్ళ మీద నీలి మచ్చలు లేచాయి, చిగుళ్ళు నెత్తురోడాయి. ఆ ఏడు వినడానికొచ్చినవాళ్ళకు గుమ్మంలోనే హోరు వినపడింది. ఈసారి వరద పెద్దదేనని బాతులను కట్టేసుకున్నారు. తీరా చూస్తే ఏట్లో మోకాలి లోతు నీళ్ళే.

జూన్‌లో వ్యాను వచ్చేసరికి సాజిదా లేదు. పొరుగింటావిడ నురియాను తీసుకెళ్ళింది. డాక్టరమ్మ లెక్క రెండుసార్లు చూసింది. నెత్తురు బాగుంది, పట్నం వెళ్ళక్కర్లేదంది.

నురియా తిన్నగా గోరీ దగ్గరికి వెళ్ళి మట్టికి చెవి ఆనించింది. లోపల ఏరు పారుతూనే ఉంది. అవ్వ చెప్పినట్టే, ఆ మధ్యాహ్నమంతా కదలకుండా పడుకుంది.