సోములమ్మ ఆర్పిన పొయ్యి

పొద్దున్నే పొయ్యిలో పుల్లలు ఎగదోసి సోములమ్మ ఊరి పైనున్న మెట్ట ఎక్కుతుంది. గెడ్డవలసలో ఇరవై మూడు ఇళ్ళు, ఇరవై మూడు పొగలు. ఏ పొగా పక్కదానితో కలవదు. దారాల్లా విడివిడిగా లేచి, విడివిడిగానే మబ్బులోకి పోతాయి. ఆ ఊళ్ళో పుట్టినవాళ్ళు ఎక్కడికి పోయినా, ఇంట్లో పొయ్యి ఆరనంత కాలం ఆ ఇంటి పొగ వాళ్ళ చెవి వెనక వేలెడు మందాన లేస్తూనే ఉంటుంది. జీపులో పక్కవాళ్ళు కొంచెం జరిగి కూర్చుంటారు, అంతే.

మెట్ట మీద నిలబడి పాడేరు వైపు చూస్తే, అక్కడ హాస్టల్లో ఆరో తరగతి చదివే కూతురు సోని పొగ కనిపిస్తుంది. పాకేటప్పుడు పొయ్యిరాయి తగిలి గడ్డం కింద మచ్చ పడింది ఆ పిల్లకి. పొగ నిటారుగా ఉంటే పిల్ల బాగున్నట్టు. వణికితే జ్వరం. ఒరిగితే దిగులు. అది చూశాకే సోములమ్మ గంజి తాగుతుంది.

అక్టోబరులో ప్రోగ్రెస్ కార్డు వచ్చింది. మార్కులు బాగున్నాయి. అడుగున ఇంగ్లీషులో ఒక వాక్యం ఉంది. ఆ సాయంత్రమే వార్డెనమ్మ ఫోన్ చేసింది. సోని పొగకి పక్క మంచాల పిల్లలు దగ్గుతున్నారట. అన్నం దగ్గర కూడా పిల్ల ఒంటరిగానే కూర్చుంటోందట. సంక్రాంతి సెలవుల లోపు మార్పు రాకపోతే సీటు ఇంకొకరికి ఇవ్వక తప్పదట. గెడ్డవలస బడిలో ఐదో తరగతి తర్వాత చదువు లేదు.

సోములమ్మ కార్డు పట్టుకుని కామేష్ దగ్గరకు వెళ్ళింది. ఊళ్ళో డిగ్రీ చదివింది అతనొక్కడే, రోడ్డు మీద కాఫీపొడి కొట్టు నడుపుతాడు. మిగతా పిల్లలతో మింగిల్ అవ్వట్లేదని రాశారు అన్నాడు.

"మింగిల్ అంటే ఏటి బాబూ?"

కలవడం అని చెప్పాడు. ఎలా కలవడమని ఆమె అడిగింది. కామేష్ కాఫీపొడిలో చికోరీ పోసి గరిటెతో తిప్పాడు. "ఇప్పుడిందులో ఏది ఏదో సెప్పగలవేటి పిన్నీ? అదీ మింగిల్ అంటే."

దారిలో యర్రయ్య కొండపొలంలో సామలు కోస్తున్నాడు. సోములమ్మ ఆయనకీ అదే ప్రశ్న వేసింది. ముసలాయన నడుం ఎత్తకుండానే నవ్వాడు.

"ఒక్క గంపలో కలిపి జల్లేను. సామ కోతకొచ్చీసింది, కంది ఇంకా పూతకే రానేదు. కలిసున్నా దేని బతుకు దానిదే."

పొయ్యి ఆర్పితే పిల్ల పొగ పోతుంది కదా అని ఆమె నెమ్మదిగా అడిగింది. కొడవలి ఆగింది.

"ఆ పొగ నువ్వు సూడ్డానికే అనుకుంతన్నావా? ఆ గుంటపిల్ల ఎనక్కి రావాలంటే అదే దారి."

ఆయన తమ్ముడు ఇటుకబట్టీలకి వెళ్ళిన ఏడాదే, ఇక్కడ తుఫానుకి వాళ్ళ పొయ్యి నాని ఆరిపోయింది. తమ్ముడు ఇంతవరకూ రాలేదు. కానీ యర్రయ్య చదువుకున్నవాడు కాదు, కామేష్ చదువుకున్నాడు. పైగా సోనికి జీపు ఎక్కడం తెలుసు. నోటుపుస్తకం అట్ట లోపల తల్లి ఫోన్ నంబరు ఉంది.

మూడు రోజులు మెట్టెక్కింది. మూడు రోజులూ పొగ ఒక పక్కకి ఒరిగే ఉంది. నాలుగో పొద్దున, అత్త చేతి నుంచి వచ్చి ఎన్నడూ ఆరని ఆ నిప్పు మీద కడవెడు నీళ్ళు పోసింది. ఏ పనీ సగంలో వదిలే మనిషి కాదు. బూడిదలో వేళ్ళు పెట్టి వెతికి, చివరి రవ్వను కూడా నలిపేసింది. మెట్టెక్కి చూస్తే పాడేరు మీద మబ్బు తప్ప ఏమీ లేదు.

డిసెంబరు కార్డు చూసి కామేష్ సంతోషపడ్డాడు. బాగా మింగిల్ అవుతోందట. సీటుకి ఢోకా లేదు. సోని ఫోన్లు మాత్రం నవంబరులోనే ఆగిపోయాయి.

ఆదివారం పక్కింటి పొయ్యి మీద చిలగడదుంపలు ఉడికించి, గుడ్డలో మూటకట్టి, సోములమ్మ మొదటి జీపు ఎక్కింది. హాస్టల్ మెట్ల మీదకి పిల్లలు ఒక్కసారిగా వచ్చారు. అందరివీ ఒకే బట్టలు, ఎర్ర రిబ్బన్ల రెండేసి జడలు. ఒకరి భుజాల మీద ఒకరి చేతులు. గడ్డం కింద మచ్చ ఉన్న పిల్ల నవ్వుతూ ముందుకొచ్చింది.

"ఎవరి కోసం వచ్చారండీ?"

సోములమ్మ ఆ మచ్చనే చూస్తూ ఉండిపోయింది. తర్వాత అంది, "సోని కోసం."

"కూర్చోండి, పిలుస్తాను."

పిల్ల లోపలికి పరిగెత్తింది. "సోనీ, మీ అమ్మగారు వచ్చారు" అన్న పిలుపు ఒక్కో గదీ దాటి దూరమవుతుంటే, సోములమ్మ మూట ఒళ్ళో పెట్టుకుని మెట్టు మీద కూర్చుంది. దుంపలు ఇంకా వెచ్చగానే ఉన్నాయి.