చిన్న కొలతలు

యుద్ధం మొదలయ్యాక ఆ కుట్టుమిషన్ల షెడ్డులో సైనికుల చొక్కాలు తప్ప మరేమీ కుట్టడం లేదు. ఈసారి కుట్టడానికిచ్చిన ముక్కలు చూసి సూదమ్మకు ఒళ్లు మండింది. ఆమె నోటి పదును చూసి తోటివాళ్లు పెట్టిన పేరది.

“మతి ఉండే కత్తిరించారా మాస్టారూ? ఇవి సైనికులకా, బొమ్మలకా?”

“కొలతలు పైనుంచి వచ్చాయమ్మా. నన్నేం చేయమంటావ్?” అన్నాడు కటింగ్ మాస్టారు, తల ఎత్తకుండా.

పిల్లాడికి సరిపోయే చొక్కా సైనికుడికెలా పడుతుందో మర్నాడు నిలదీద్దామని, ఒకటి కుట్టి ఇంటికి తెచ్చి, బడి నుంచి వచ్చిన కొడుక్కి తొడిగింది. భుజాలు కొలిచి కుట్టినట్టు అతికాయి.

మాస్టారు తప్పు చేయలేదని అప్పుడు తట్టింది. గబగబా గుండీలు విప్పబోయింది.

వాడు అద్దం ముందు ఛాతీ విరుచుకున్నాడు.

“ఉండనీ అమ్మా. అచ్చం నాకోసం కుట్టినట్టే ఉంది.”