పిలిస్తే వచ్చేవాడు

గుణశేఖరన్ పొద్దున్నే వీధికొళాయి దగ్గర రెండు బిందెలు పట్టి అమ్మకిచ్చి, పూజగూటి ముందు నిలబడి విబూది పెట్టుకుని, తట్టాంచావడికి లేత్ పనికి బయలుదేరేవాడు. ఎవరు ఎంత దూరం నుంచి పిలిచినా అతని చెవికి తగిలేది. టిఫిన్ క్యారియరు పిట్టగోడ మీద పెట్టి గాల్లోకి లేచేవాడు. వీరాంపట్టినం అలల్లో తిరగబడ్డ పడవను మనుషులతో సహా ఎత్తి ఒడ్డున పెట్టి, తడిచొక్కాతోనే మిషను ముందుకొచ్చేవాడు. నేలంతా తడి చేస్తున్నాడని సూపర్‌వైజరు కసిరేవాడు.

అంతమందికి పలికే ఆ మనిషి, ఎదురింటి జయప్రియకు మాత్రం ఆరేళ్లుగా ఒక్క మాట చెప్పలేకపోయాడు. ఆమె వాకిట్లో ముగ్గు పెడుతూ తల ఎత్తేది.

"ఏమన్నా చెప్పాలా గుణా?"

"అదీ..."

అంతలో యాడో ఎవరో పిలిచేవారు. పైకి లేస్తుంటే అతని మొహంలో బరువు దిగిపోయేది. అది ఆమె చూసేది. ఒకనాడు ఎవరూ పిలవకుండానే లేచిపోయాడు. అదీ ఆమెకు తెలిసింది.

జయప్రియకు కరెంటాఫీసు గుమస్తా విజయరంగన్‌తో తాంబూలాలు మార్చుకున్న రోజున కూడా గుణశేఖరన్ గడప దాకా వచ్చి, చెప్పులు విడిచి, మళ్లీ తొడుక్కుని వెళ్లిపోయాడు.

కార్తీకంలో పెళ్లి. ఆ పొద్దున ఎడతెగని వాన. మండపం వెనక గదిలోంచి జయప్రియ అతణ్ణి పిలిపించింది. తల్లో పూలజడ, కళ్లకింద నలుపు.

"మాప్పిళ్ల విజయరంగన్ కారు ముదలియార్‌పేట నీళ్లల్లో ఆగిపోయిందంట. ముహూర్తం తప్పితే ఈ సంబంధమే వద్దంటాడు నాయన. అప్పుడు నువ్వొచ్చి అడుగు. నాయన్ని నేను ఒప్పిస్తా."

"ఊ."

"అందాకా నువ్వేమీ చెయ్యక్కర్లేదు. ఊరికే కూచో చాలు. అది నీకు బాగా వచ్చు గదా."

అతను నవ్వబోయాడు. ఆమె నవ్వలేదు.

భోజనాల గదిలో బెంచీ మీద కూచున్నాడు. ముహూర్తానికి అరగంట ఉందనగా చెవికి తగిలింది.

"గుణన్నా! ఒకసారి రాన్నా!"

విజయరంగన్. ప్రాణభయమేమీ లేదు, నీళ్లు మోకాళ్ల దాకే. పట్టుపంచె తడుస్తుందని ఎత్తి పట్టుకున్న మనిషి గొంతు. రెండోసారి పిలిచాడు. గుణశేఖరన్ బెంచీ అంచు పట్టుకున్నాడు. చెక్క పిండిలా నలిగింది. మూడో పిలుపుకు వేళ్లు వాటంతటవే వదిలాయి. రానని చెప్పడమూ ఒక మాటే. ఆ మాట కూడా అతనికి రాలేదు.

అయిదు నిమిషాలుందనగా పెళ్లికొడుకును భుజాన మోసుకొచ్చి పందిట్లో దించాడు. పెళ్లికూతురి నాయన దొరైస్వామి పరుగున వచ్చి అతని తడిచేతులు కళ్లకద్దుకున్నాడు.

జయప్రియ పెద్దత్త మరగతం ముక్కున వేలేసుకుంది. "ఏంది అట్ట చూస్తారు? మాప్పిళ్లను పందిట్లోకి తెచ్చేది పెళ్లికూతురి తోడబుట్టినోడే గదా! ఈ పిల్లకు తోడు లేదని ఎన్నేళ్లు ఏడిస్తిమి. దేవుడే పంపించినాడు. హోమంలో దోసిట పేలాలు వేసేదీ ఈడే. ఒకసారి వేసినాడంటే చచ్చేదాకా అన్నే!"

"నన్ను భుజాన మోసినాడు. ఇట్టాంటి బావమరిది ఎవరికున్నాడు!" అన్నాడు విజయరంగన్. అందరూ నవ్వారు.

"నీకు సమ్మతమే గదా నాయనా?" దొరైస్వామి అడిగాడు.

జయప్రియ తల ఎత్తింది. కాదు అంటే చాలు. గుణశేఖరన్ నోరు తెరిచాడు. ఎవరైనా పిలుస్తారేమోనని చెవి రిక్కించాడు. ఆ పొద్దు ఊరు ఊరంతా క్షేమంగా ఉంది. రేకుల మీద వాన తప్ప ఏమీ వినిపించలేదు.

"సిగ్గు పాపం," అంది మరగతం. సన్నాయి అందుకుంది.

తాళి పడింది. హోమం రాజేశారు. పళ్లెంలోంచి పేలాలు తీసుకున్నాడు. పడవలెత్తిన చెయ్యి గుప్పెడు పేలాలతో ఆమె దోసిలి మీద ఆగిపోయింది.

జయప్రియ అతనివైపు చూడలేదు.

"ఎయ్ అన్నా," అంది. "పొగ కళ్లల్లో పడతాంది."

వేశాడు.