బుట్టకు కట్టని చీటీ

సెర్బియా కొండల్లోని ఆ ఊళ్ళో ఒకరి బుట్టలోకి ఇంకొకరు తొంగిచూడరు. చూశారంటే ఆ మనిషిని అనుమానించినట్టే. అడవిలో ఏరిన పుట్టగొడుగులను రేకుల షెడ్డుకు తెస్తారు, తూకం వేయిస్తారు, అందరూ ఒకే పెద్ద పెట్టెలో గుమ్మరించి వెళ్ళిపోతారు. అక్కడ మర్యాదంటే అదే. ఆ మర్యాద ఎంత పని చేసిందో చెప్పడానికే ఈ కథ.

షెడ్డులో తూకం వేసేది లూబింకా. పదిహేనేళ్ళుగా ఆమెదే ఆ పని. ఒక వేసవి మొదట్లో, పుట్టగొడుగులను సీసాల్లో నింపే ఫ్యాక్టరీవాళ్ళు అంకెలు వేసిన చీటీలు పంపారు. ఎవరి సరుకు వాళ్ళ పెట్టెలోనే ఉండాలి, పెట్టెకు చీటీ కట్టాలి, ఎవరు ఏ గుట్టమీద ఏరారో రాసిపెట్టాలి అన్నారు. మొదటిరోజే రాదోయ్కా కస్సుమని లేచింది. ఆవిడ లూబింకాకు వరసకు పిన్ని, డెబ్బై దాటిన మనిషి. ఊళ్ళో ఆడవాళ్ళందరికీ అడవి నేర్పింది ఆవిడే.

"ఏమే, నా బుట్టకి చీటీ కడతావా? సంతకి తోలే గొర్రెలా కనబడుతున్నానా నీకు?"

"నా మాట కాదు పిన్నీ, ఫ్యాక్టరీవాళ్ళే..."

"నీకు బొడ్డూడక ముందునుంచి ఏరుతున్నాను. అంత ముచ్చటగా ఉంటే వాళ్ళ మెళ్ళోనే కట్టుకోమను!"

అందరూ నవ్వారు. లూబింకా కూడా నవ్వేసి, చీటీలను మేకుకు తగిలించింది. వాటి తాళ్ళు తర్వాత ఆమె పెరట్లో టమాటా మొక్కలను కర్రలకు కట్టడానికి పనికొచ్చాయి.

పిన్నికి చూపు మందగించిందని లూబింకాకు తెలుసు. ఎదురుగా వచ్చిన మనిషిని గొంతు విని గుర్తుపడుతోందని ఊరందరికీ తెలుసు. అయినా ఆవిడ బుట్టలో ఏముందో చూసే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

ఆగస్టులో, మేరీమాత పండుగకు ముందు పదిహేను రోజుల ఉపవాసం మొదలైంది. మాంసం, పాలు ముట్టరు కనుక ఇంటింటా పుట్టగొడుగుల కూరే. రెండో రోజున జిల్లా నుంచి డాక్టర్ జాగోర్కా షెడ్డుకు వచ్చింది.

"పట్నంలో ఒక టీచరుకీ ఆమె భర్తకీ కిడ్నీలు పోయాయమ్మా. మీ షెడ్డు సరుకు నింపిన సీసాలోవి తిన్నారు. మంచివాటిలో విషపువి కలిశాయి. చూడ్డానికి దాదాపు ఒకేలా ఉంటాయి. ఎంత ఉడికించినా ఆ విషం పోదు. తిన్న రెండు మూడు వారాలదాకా బయటపడదు. ఎవరు తెచ్చారవి?"

"అందరివీ కలిసిపోయాయి డాక్టరమ్మా" అంది లూబింకా, తలెత్తకుండా.

"సీసామీద అంకె చూసి ఫ్యాక్టరీకి, అక్కణ్ణించి మీ షెడ్డుకి ఒక్క పూటలో వచ్చాను. దారి ఇక్కడే తెగిపోయింది. తెచ్చినవాళ్ళు ఇప్పటికీ అక్కడే ఏరుతుంటారు. ఇంట్లో వండుకుంటూనూ ఉంటారు. ముందు వాళ్ళని వెతకాలి."

ఆవిడ షెడ్డు మూయించింది. ఎవరూ పుట్టగొడుగులు తినవద్దని ఊళ్ళో చాటించింది. ప్రతి ఇంట్లోనూ అది పక్కింటివాళ్ళ సంగతే అనుకున్నారు.

డాక్టరూ లూబింకా కలిసి నలభై ఇళ్ళు తిరగాలి. కొందరు తలుపే తీయలేదు. తీసినవాళ్ళు ఊరి చివర కొత్తగా దిగిన కుటుంబంవైపు వేలు చూపించారు. ఎవరో వెళ్ళి ఆ ఇంటివాళ్ళు ఎండబెట్టుకున్నవన్నీ వాగులో పోశారు. ఒడ్డున మిగిలినవాటిని డాక్టరు ఏరి చూస్తే ఒక్కటీ చెడ్డది లేదు. పాఠకులారా, ఏ సరుకు ఎవరిదో తెలియని చోట నింద వెళ్ళి పడేది ఎప్పుడూ దిక్కులేనివాళ్ళ మీదనే.

పిన్ని ఇంటిని లూబింకా చివరికి ఉంచింది. ఆవిడను అడగడమంటే మొహాన ఉమ్మినట్టే అనుకుంది. వెళ్ళేసరికి తొమ్మిది రోజులు గడిచాయి.

పొయ్యిమీద కుండ ఉడుకుతోంది. దూలానికి పుట్టగొడుగుల దండలు వేలాడుతున్నాయి. డాక్టరు ఒకటి తెంపి తిరగేసి చూసింది. గొడుగు అడుగున తుప్పురంగు రేకులు, విషపువాటి గుర్తు. ఆమె పొయ్యి ఆర్పి కుండ దించబోయింది.

"కుండ దించుతారేంటమ్మా? ఉపవాసం మొదలైన మూడోనాటినుంచీ రోజూ ఇదే తింటున్నాను. శుభ్రంగా ఉన్నానుగా!" అంది రాదోయ్కా.

మూడోనాటినుంచి. అంటే డాక్టరు షెడ్డుకు వచ్చిన మర్నాటినుంచే అని లెక్క అర్థమై, లూబింకా దూలానికున్న దండలన్నీ తెంపి పడేసింది.

మరో వారానికి నడుంనొప్పి, తీరని దాహం మొదలయ్యాయి. ఆసుపత్రిలో యంత్రంతో రక్తం శుభ్రం చేశారు కానీ ఆ వయసు తట్టుకోలేకపోయింది. ఒకరోజు రాదోయ్కా తడుముకుంటూ లూబింకా చెయ్యి పట్టుకుంది.

"ఒసేయ్, చీటీ కట్టి ఉంటే ఆరోజే వచ్చేదానివా?"

అబద్ధం చెబుదామనుకుంది లూబింకా. నోరు రాలేదు. "వచ్చేదాన్ని పిన్నీ. నువ్వు ఒక్క ముద్ద తినకముందే."

"పట్నంలో ఆ టీచరు పిల్ల?" అంది రాదోయ్కా.

"ఇంకా యంత్రంమీదే ఉంది."

రాదోయ్కా గోడవైపు తిరిగి పడుకుంది. మంచు పడకముందే ఆవిడను మట్టిచేశారు.

మరుసటి వేసవి షెడ్డు తెరిచినరోజు లూబింకా మొదటి బుట్టను బల్లమీద పరిచి, ఒక్కొక్కటే తిరగేసి చూసింది. ఆ బుట్ట తెచ్చిన దెసిమీర్ అనే ముసలాయన మొహం గంటుపెట్టుకున్నాడు.

"ఏమ్మా, ఇన్నేళ్ళ తర్వాత నామీద నమ్మకం పోయిందా?"

లూబింకా పెట్టెకు చీటీ కట్టి, ముడి బిగించింది.

"నమ్మకం ఉంది బాబాయ్. పేరు రాసేది నిన్ను పట్టివ్వడానికి కాదు. ఆపదొస్తే అదేరోజు నీ గుమ్మంలోకి రావడానికి. మా పిన్ని గుమ్మానికి నేను తొమ్మిది రోజులు ఆలస్యంగా వెళ్ళాను."